హో నది దారికి వెళ్లే ముందు

బుజ్జీ,

ఈ శనివారం వాషింగ్టన్ రాష్ట్రంలోని హో వానల అడవికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా చూడాల్సిన చోటు. కాకపోతే చలికాలం తుఫాన్లు వెళ్లి ఎన్నో రోజులు కాలేదు. వేసవిలో వెళ్లినవాళ్ల ఫోటోలు చూసి, దారి అలాగే ఉంటుందనుకోకు.

ముందు రోజు రాత్రి ఒలింపిక్ నేషనల్ పార్కు వెబ్‌సైట్‌లో రోడ్డు సంగతి, ట్రైల్ సంగతి రెండూ చూసుకో. 2024 డిసెంబరు తుఫానుకి అసలు రోడ్డే కోసుకుపోయింది. మళ్లీ కార్లు వెళ్లేసరికి 2025 మే వచ్చింది. సియాటిల్ నుంచి నాలుగు గంటలు వెళ్లి మూసిన గేటు చూసి రావడం ఎందుకు చెప్పు? మ్యాపు ఫోన్‌లో ముందే దించుకో, అడవిలో సిగ్నల్ ఉండదు.

అక్కడ ఏడాదికి 140 అంగుళాల దాకా వాన పడుతుంది. నేల ఎప్పుడూ తడే. అందుకే అంతంత స్ప్రూస్ చెట్లకి కూడా వేళ్లు లోతుకి దిగవు, పక్కలకి పాకుతాయి. గాలికి చెట్టు ఒరిగితే వేళ్లతో పాటు నేల కూడా చాపలా పైకి లేస్తుంది. ఆ వేళ్ల గోడ పక్కన నిలబడి ఫోటో దిగకు. దారికి అడ్డంగా పడ్డ మాను మీద నిలబడకు, నాచు సబ్బులా జారుతుంది. దాని మీద కూర్చుని, కాళ్లు అటు వేసి దిగు. వంగి బిగుసుకున్న కొమ్మ మీద అడుగు వెయ్యకు, ఎగిరి కొడుతుంది. ఆగి తినేటప్పుడు ఒకసారి తల పైకెత్తి, విరిగి వేలాడుతున్న కొమ్మలేమైనా ఉన్నాయేమో చూడు.

కానీ నాకు చెట్ల కన్నా నది ఒడ్డంటేనే ఎక్కువ భయం. ఒక మార్చిలో షూ లేసు కట్టుకోవడానికి వంగితే, నేలలో వేలెడు వెడల్పున పగులు కనబడింది, నది వెంటే సాగుతూ. పక్కకి జరిగి తొంగి చూశాను. నేను నడిచొచ్చిన దారిలో పది అడుగుల మేర కింద మట్టి లేదు, ఉత్త వేళ్లే పట్టుకుని ఉన్నాయి. గోదావరి లంకల్లో పుట్టి గట్టు కోతలు చూస్తూ పెరిగినవాణ్ణి, అయినా పైన నాచు, ఫెర్న్‌లు కప్పేసి ఉంటే పోల్చుకోలేకపోయాను. దారి నదికి ఆనుకుని ఉన్నచోట లోపలి వైపునే నడువు. దారి తెగిపోయి ఉంటే దాటే మార్గం వెతక్కు, వెనక్కి వచ్చెయ్.

ఆ నది దారిలో వచ్చే ఫైవ్ మైల్ ఐలండ్ అనే చోటు దాకా వెళ్లాలని పట్టు పట్టకు. దారి దాదాపు చదునే, కానీ పడ్డ చెట్లుంటే గంట నడక రెండు గంటలవుతుంది. చోటు కాదు, టైము పెట్టుకో: ఒంటిగంటకి ఎక్కడున్నా తిరుగు. వాన పడుతుంటే పొద్దున దాటిన వాగు మధ్యాహ్నానికి పొంగుతుంది. మోకాలు దాటి నీళ్లుంటే దిగకు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, ఒళ్లు గడ్డకట్టిస్తుంది.

ఎక్కడిదాకా వెళ్తావో, కారు నంబరేమిటో ఇవాళే మెసేజ్ పెట్టు. తిరుగు దారిలో ఫోర్క్స్ ఊరు చేరగానే ఫోన్ చెయ్యి. రాత్రి ఎనిమిదింటికి కూడా ఫోన్ రాకపోతే నేను పార్కు రేంజర్లకి చెప్తాను.

మామయ్య