ముందు అవ్వను రానీ

చిరంజీవి నైనాకు,

అవ్వ, మనవడు తిరుమల దర్శనానికి పోయిన నీ కథ, దాంతో పాటు రాసిన ఉత్తరం రెండూ అందాయి. "మా రూములో చదివితే ఫ్రెండ్సంతా పడీ పడీ నవ్వారు, పత్రికవాళ్ళు మాత్రం తిప్పి పంపేశారు, లోపం ఎక్కడ?" అని అడిగావు. రూములో నవ్వించింది కథ ఒక్కటే కాదు, నువ్వు కూడా. కథలో నత్తి కానిస్టేబుల్ దగ్గరికొచ్చేసరికి గొంతు మార్చి ఉంటావు. ఒకడు కిసుక్కుమంటే పక్కవాడు అందుకుని ఉంటాడు. పత్రికాఫీసులో ఆ కాగితాలు చదివిన మనిషికి నీ గొంతూ లేదు, ఆ పక్కవాడూ లేడు.

రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాలో ఒక సైకాలజీ ప్రొఫెసర్ ఉండేవాడు. జనం కబుర్లు చెప్పుకునే చోట్ల చెవులు రిక్కించి, ఎవరు ఏ మాటకు నవ్వుతున్నారో రాయించాడు. చాలా నవ్వులు జోకులకు వచ్చినవే కావట. 'సరే, మళ్ళీ కలుద్దాం' లాంటి సాదా మాటలకు వచ్చినవట. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని ఆయన లెక్క. ఈ లెక్క మనకు అమెరికా నుంచి రావాల్సిన పనిలేదనుకో. మే నెలలో మన తిరుపతి గంగమ్మ జాతర చూసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం రోజుల్లో తిరుపతి వీధుల్లో ఏ మాటలు వినపడతాయో నీకు తెలుసు. ఒళ్ళంతా రంగు పూసుకుని, వేపమండలు పట్టుకుని వచ్చిన కుర్రాడు, మామూలు రోజుల్లో తలెత్తి కూడా మాట్లాడనివాడు, వాకిట్లో నిలబడి పెద్దాయన్ని బండబూతులు తిడతాడు. పెద్దాయన నవ్వుతాడు. లోపలినుంచి ఆడవాళ్ళు కూడా నవ్వుతారు. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాణ్ణి చంపడానికి అమ్మవారు రోజుకో వేషం కట్టి, తిడుతూ వెతికిందన్న కథ అందరికీ తెలుసు కాబట్టి, ఆ తిట్టు ఆ కుర్రాడిది కాదని కూడా తెలుసు. జాతర అయిపోయిన మర్నాడు అదే కుర్రాడు అదే వాకిట్లో అదే మాట అనమను. పంచాయితీ అవుతుంది. తిట్టులో ఒక్క అక్షరం మారలేదు. అది నవ్వుగా చెల్లడానికి ఊరంతా కలిసి ఇచ్చిన అనుమతి పోయింది, అంతే.

మీ పుత్తూరు వైపు మహాభారతం తిరునాళ్ళలో రాత్రి నాటకం చూసే ఉంటావు. దుర్యోధనుడు తొడ చరిచి పద్యం ఎత్తుకోగానే బఫూన్ మధ్యలో దూరి, ముందు వరసలో కూర్చున్న రేషన్ డీలర్ తూకం సంగతి ఎత్తుతాడు. జనం ఈలలు. ఆ మాట కాగితం మీద రాసి విజయనగరంలో ఎవరికైనా చూపించు. డీలర్ ముఖం చూడనివాడికి అందులో ఏముంది?

కాగితం మీద రాసేవాడి కష్టం ఇదే. జాతర ఇచ్చే అనుమతి మనకు లేదు, ముందు వరసలో డీలరూ లేడు. ఆ లోటు పూడ్చగలిగేది ఒక్కటే, మనిషి. చదివేవాడికి నీ పాత్ర ముందే బాగా పరిచయమైపోవాలి. డీలర్ ఊరికి తెలిసినట్టు అవ్వ పాఠకుడికి తెలియాలి. అప్పుడు ఆమె ఏ మాటన్నా ముందు వరస తయారుగా ఉంటుంది. హాస్యం రాయాలనుకునేవాళ్ళు జోకులు పోగేసుకుంటారు గానీ మనుషుల్ని పోగేసుకోరు.

ఇక అభిరుచుల సంగతి. జనం దేనికి నవ్వుతారో చెప్పమన్నావు. ఎవరి జనం? మా ఇంట్లోనే చూడు. మా ఆవిడకు పెళ్ళిపత్రికల్లో అచ్చుతప్పులు కనబడితే ఆ పూట వంట ఆలస్యమే. మా తమ్ముడికి ఎవరైనా జారి పడాలి, పడింది వాడే అయినా సరే. మనవరాలు ఫోన్లో ఒకే రీల్ తిప్పి తిప్పి చూసి, ప్రతిసారీ కొత్తగా నవ్వుతుంది. నాకేమో చిన్న విషయాన్ని మహా సీరియస్‌గా తీసుకునే మనిషి కావాలి. రూపాయి చిల్లర కోసం కండక్టర్‌తో రేణిగుంట దాకా వాదించే పెద్దమనిషిని చూస్తే నా ప్రయాణం ధన్యమైనట్టే. మేం నలుగురం ఒకరు నవ్వేదానికి ఇంకొకరం ముఖం చిట్లించుకుంటూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇంకొకడు పడితే మనకు కలిగే గొప్పతనమే నవ్వు అని ఇంగ్లీషు తత్త్వవేత్త హాబ్స్ అన్నాడు. కాచుకున్నది ఒక్కసారిగా తుస్సుమంటే వచ్చేది నవ్వు అని జర్మన్ తత్త్వవేత్త కాంట్ అన్నాడు. మనసు లోతులు తవ్విన డాక్టరు ఫ్రాయిడ్ అయితే 1905లో జోకుల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. చదువు, మంచిదే. చదివాక కూడా మా తమ్ముడి చేత అచ్చుతప్పుకి నవ్వించలేవు.

అందుకని అందర్నీ నవ్వించే పని పెట్టుకోకు. నువ్వు నిజంగా దేనికి నవ్వుతావో ముందు కనిపెట్టు. ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, మనం నవ్వేవాటిలో సగం అరువు తెచ్చుకున్నవి. నీ కథలో నత్తి కానిస్టేబుల్ ఎక్కడి నుంచి వచ్చాడు? నువ్వు చూసిన మనిషి కాదు. టీవీ స్కిట్లలోంచి నేరుగా వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోకి వచ్చి డ్యూటీ ఎక్కాడు. అతనికి ఇల్లు లేదు, ఊరు లేదు, నత్తి తప్ప ఇంకేమీ లేదు. అతన్ని తీసెయ్యి. నత్తి ఉన్నవాళ్ళు బాధపడతారని కూడా తీసెయ్యొచ్చు, అది చాలినంత కారణమే. కానీ రాతగాడిగా నా అభ్యంతరం వేరే. ఆ పేజీల్లో నువ్వు లేవు.

నువ్వున్న చోటు వేరే ఉంది, నేను నవ్విందీ అక్కడే. అవ్వ రాత్రంతా కంపార్టుమెంట్లో కూర్చుని, తెల్లారి జనంతో పాటు తోసుకుంటూ పోయి, 'జరగండి జరగండి' అంటూ భుజం పట్టి లాగేస్తే రెప్పపాటులో బయటపడింది. "దర్శనం బాగా అయిందా అవ్వా?" అని మనవడు అడిగితే, "సామి నన్ను సూసినాడు లేబ్బా. నేనే సరిగ్గా సూళ్ళేదు" అంటుంది. ఇది చదివి కాగితాలు పక్కన పెట్టి నవ్వాను. మనం ఫిర్యాదు వస్తుందనుకుంటాం. ఆమె అటువైపు పనంతా సవ్యంగానే జరిగిందని సర్టిఫికెట్ ఇచ్చి, లోటు తన ఖాతాలో రాసుకుంది. నవ్వాక కాస్త గొంతు పట్టుకుంది కూడా. ఇది ఏ స్కిట్‌లోనూ దొరకదు.

అంత మంచి మాటను నువ్వేం చేశావో చూడు. నీ రాతలో అది ఇలా ఉంది: 'స్వామివారు తనను చూశారని, తానే ఆయన్ని సరిగ్గా చూడలేకపోయానని అవ్వ అమాయకంగా చెప్పేసరికి చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.' పైన నేను రాసింది నీ వాక్యం కాదు, నీ వాక్యంలోంచి అవ్వను బయటికి లాగితే వచ్చిన మాట. మన భాషలో 'అని' ఉందే, అది వార్తలు రాయడానికి బంగారం, నవ్వు రాయడానికి శత్రువు. మాటంతా అయిపోయాక 'అని చెప్పింది' అంటూ ఒక తోక వస్తుంది, పాఠకుడు నవ్వబోతూ ఆ తోక దాటేలోపు నవ్వు చల్లారిపోతుంది. చెప్పేది ఎవరో ముందే చెప్పెయ్యి. 'అవ్వ కొంగు సర్దుకుంది.' చాలు, మాట్లాడబోయేది ఆమే అని తెలిసిపోతుంది. తర్వాత ఆమె మాట, ఆమె నోటితోనే. ఆ తర్వాత ఏమీ వద్దు, పేరా మార్చెయ్యి.

'అమాయకంగా' కూడా కొట్టెయ్యి. ఆమె అమాయకురాలో, గడుసుదో నాకింకా తేలలేదు, తేలకపోవడమే బాగుంది. ఇక ఆ పగలబడి నవ్వడం. నీ కథలో ప్రతి పేజీలో ఎవరో ఒకరు పొట్ట పట్టుకుంటూనే ఉన్నారు. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం అని భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యాన్ని రెండుగా చేశాడు. నీ పాత్రలు మొదటిదాన్ని మొత్తం ఖర్చుపెట్టేశాయి, రెండోదానికి ఏమీ మిగల్చలేదు. పాత్ర ఎంత బిగబట్టుకుని ఉంటే చదివేవాడు అంత సులువుగా జారతాడు.

యాస గురించి ఒక మాట. అవ్వ ఒక్కతే మన చిత్తూరు మాట మాట్లాడుతోంది, మనవడు పుస్తకం మాట్లాడుతున్నాడు. అలా రాస్తే యాసే జోకు అయిపోతుంది. సినిమావాళ్ళు మన మాటతో చాలాకాలంగా చేస్తున్నది అదే, వాళ్ళకి నువ్వు సాయం చెయ్యక్కర్లేదు. మన కథకుడు నామిని తన ఊరు మిట్టూరు మాటలో రాస్తే ఊరంతా అదే మాట, రచయితతో సహా. అక్కడ యాసకు ఎవరూ నవ్వరు, మనిషికి నవ్వుతారు. మనవణ్ణి కూడా 'యాడికి పోతాండావు' అననీ. తమిళ యాత్రికుడి తెలుగు మీద ఉన్న ముక్క మాత్రం ఉంచు, బాగుంది, ఎందుకంటే వాడు తిరిగి మీ తమిళాన్ని వెక్కిరించాడు.

నిర్మాణం సంగతి పెద్దగా చెప్పను. గుండు గీయించుకునే దగ్గర ఒక సరదా మొదలుపెట్టావు, లడ్డూ కౌంటర్ దగ్గర ఇంకోటి, గది తాళం పోవడం మరోటి. ఏదీ పూర్తి చెయ్యలేదు. మన ఊరి పేరు మీద తిరుపతి క్షవరం అని ఒక నానుడి ఉండనే ఉంది, నువ్వు కొత్తగా నిరూపించక్కర్లేదు. ఒక్కటే ఉంచు. నన్నడిగితే తాళం. అవ్వ, తాళం, తలుపు ముందు ఆ రాత్రి, వీటితోనే సగం కథ నడుస్తుంది. ఆ రాత్రి ఆమె పక్కగది వాళ్ళతో ఏం మాట్లాడిందో రాస్తే, తెల్లారి దర్శనం దగ్గరికి వచ్చేసరికి ఆమె మాకు మేనత్త అంత దగ్గరైపోతుంది.

మళ్ళీ రాశాక రూములో చదవకు. నువ్వంటే పెద్దగా పడనివాడికి కాగితాలిచ్చి, వాడు చదువుతుంటే పక్కన నిలబడకుండా బయటికి పో. తర్వాత 'ఎలా ఉంది' అని అడగొద్దు. 'అవ్వది ఏ ఊరు?' అని వాడే అడిగితే పంపు.

నాకూ ఒకటి చెప్పాలి. మొదటి పేజీలో అవ్వ పసుపు గుడ్డలో ముడుపు కట్టి బొడ్లో దోపుకుంది. ఆ తోపులాటలో అది హుండీలో వేసిందా, వెయ్యకుండానే కొండ దిగిందా? వెయ్యకపోతే ఆ డబ్బు ఇప్పుడు ఎక్కడ దాచింది? ఈసారి రాతలో అది తేల్చు.

ఉంటాను.

తిరుపతి