లిఫ్ట్ రావడానికి నాలుగు నెలలట, డబ్బు మాత్రం ఇప్పుడే కట్టాలట!

ప్రశ్న: మా ఇంట్లో రెండు మోటార్‌సైకిళ్లున్నాయి. రోజూ వాడేది 150 కిలోలు, దూర ప్రయాణాలకు వాడేది 240 కిలోలు. ఆయిల్ మార్చడం, చైన్ శుభ్రం చేయడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం అన్నీ ఆరేళ్లుగా ఇంటి గ్యారేజీలో నేనే చేసుకుంటున్నాను. ఇప్పుడు నాకు 47 ఏళ్లు. కింద అట్ట పరుచుకుని గంటసేపు కూర్చుంటే లేచేటప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి. అందుకని బండిని నిలబెట్టి నడుమెత్తుకు లేపే హైడ్రాలిక్ టేబుల్ లిఫ్ట్ కొందామనుకుంటున్నాను. ఇంటి ఖర్చులు, నెలవారీ పొదుపు పోగా మాకు నెలకు ఎంత మిగులుతుందో, దానికి ఐదు రెట్లు దాని ధర. సరుకు ఓడలో రావాలి, 14 నుంచి 18 వారాలు పడుతుందంటున్నారు. మొత్తం ముందే కడితే 5 శాతం తగ్గిస్తారట, ఆగితే ధర పెరగొచ్చట. మెకానిక్ ఖర్చు మిగులుతుంది కాబట్టి రెండేళ్లలో లిఫ్ట్ డబ్బు తిరిగొస్తుందని నా లెక్క. అత్యవసర నిధిలోంచి తీసి కట్టేసి, నెలనెలా మళ్లీ నింపుకోనా? లేక 6 నెలల నో కాస్ట్ ఈఎంఐ తీసుకోనా?

జవాబు: లిఫ్ట్ కొనుక్కోండి. మీ మోకాళ్ల గురించి చదివాక నాకు దానిలో రెండో ఆలోచన లేదు. కానీ మొత్తం డబ్బు ఇప్పుడే కట్టకండి. అత్యవసర నిధి జోలికి అసలు వెళ్లకండి. ఈఎంఐ కూడా మీకు అక్కర్లేదు. ఎందుకో చెబుతాను.

ముందు మీ రెండేళ్ల లెక్క చూద్దాం. అందులో ఒక పొరపాటు ఉంది. ఆయిల్, చైన్, బ్రేకులు మీరు ఆరేళ్లుగా ఇంట్లోనే చేసుకుంటున్నారు. అంటే మెకానిక్‌కి ఇవ్వాల్సిన కూలీ ఇప్పటికే మీకు మిగులుతోంది. లిఫ్ట్ వచ్చినా ఆ మిగులు అంతే ఉంటుంది, రూపాయి కూడా పెరగదు. లిఫ్ట్ లేకపోవడం వల్ల మీరు బయట చేయిస్తున్న పనులేమిటో వాటినే లిఫ్ట్ ఖాతాలో రాయాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ విప్పి సీళ్లు మార్చడం, వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బేరింగులు మార్చడం, చక్రాలు విప్పి టైర్ల షాపుకు పట్టుకెళ్లడం లాంటివి. గత మూడేళ్ల బిల్లులు తీసి చూడండి. ఇలాంటి పనులు ఏడాదికి ఒకటో రెండో తేలితే, లిఫ్ట్ డబ్బు రెండేళ్లలో కాదు, పదేళ్లకు కూడా తిరిగి రాకపోవచ్చు.

తిరిగి రాకపోతే కొనకూడదా? అలా అనను. దాన్ని పెట్టుబడి అనుకోవడం మానేస్తే చాలు. ఇది మీ ఒంటికి సుఖం కోసం, ఇష్టమైన పని ఇంకో పదిహేనేళ్లు చేసుకోవడం కోసం పెట్టే ఖర్చు. అలా ఒప్పుకున్న క్షణంలోనే ఆ డబ్బు ఎక్కణ్నుంచి రావాలో తేలిపోతుంది. ఉద్యోగం పోయినప్పుడో, ఆసుపత్రి పాలైనప్పుడో ఆదుకోవాల్సిన నిధి నుంచి సుఖం కోసం పెట్టే ఖర్చు తీయకూడదు. 'నెలనెలా నింపుకుంటాను' అని నా దగ్గరికి వచ్చిన చాలామంది చెప్పారు. నింపడం మొదలుపెట్టిన రెండో నెలలోనే ఇంకో ఖర్చు వచ్చి పడుతుంది. పైగా మీ విషయంలో ఇంకో చిక్కుంది. నిధి ఖాళీ అయ్యే రోజుకీ లిఫ్ట్ ఇంటికి వచ్చే రోజుకీ మధ్య నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ మీ చేతిలో డబ్బూ ఉండదు, లిఫ్టూ ఉండదు.

ఇప్పుడు ఆ 5 శాతం తగ్గింపు సంగతి. నాలుగు నెలలకు 5 శాతం అంటే ఏడాదికి 15 శాతం పైమాటే, ఏ బ్యాంకు డిపాజిట్ ఇస్తుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. నిజమే. కానీ డబ్బు ఎవరి దగ్గర పెడుతున్నారో చూడండి. సరుకు రాకముందే మొత్తం కట్టడమంటే ఆ దుకాణానికి హామీ లేని అప్పు ఇవ్వడమే. 100 విలువైన వస్తువుకు మీరు 95 ఇస్తున్నారు. అంతా సవ్యంగా జరిగితే 5 లాభం, దుకాణం మూతపడితే 95 నష్టం. ఇలాంటి బేరాల్లో 20కి ఒకటి దెబ్బతిన్నా లాభమంతా కొట్టుకుపోతుంది. సరుకు కోసం నెలల తరబడి ఓడల మీద ఆధారపడే చిన్న వ్యాపారి విషయంలో, 20కి ఒకటి కూడా జరగదని నేనైతే ధీమాగా చెప్పలేను. వాళ్లు మోసగాళ్లు కానక్కర్లేదు. డబ్బంతా దారిలో ఉన్న సరుకులో ఇరుక్కుపోతే నిజాయితీగల వ్యాపారి కూడా కూలిపోతాడు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఎయిర్ కంప్రెసర్ కోసం ఒక దుకాణానికి మొత్తం డబ్బు బ్యాంకు నుంచి నేరుగా పంపాను. ఆరు వారాలన్నారు. తేదీ మూడుసార్లు మారింది. ఫోన్ చేసినప్పుడల్లా 'కంటైనర్ పోర్టులో ఉందండీ' అనేవాళ్లు. ఏడో నెలలో ఆర్డర్ రద్దు చేసి కట్టిందంతా తిరిగి ఇచ్చారు, వడ్డీ లేకుండా. అప్పటికి అదే కంప్రెసర్ ధర పెరిగిపోయింది. నేరుగా బదిలీ చేసిన డబ్బు కాబట్టి అడగడానికి మధ్యలో ఎవరూ లేరు. ఆ ఏడు నెలల టెన్షన్ ఇంకొకరు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఓడల ఆలస్యాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. టేబుల్ లిఫ్ట్ ఒంటి బరువే చాలావాటిలో 100 కిలోలు దాటుతుంది. విమానంలో తెప్పిస్తే రవాణా ఖర్చే వస్తువు ధరతో పోటీ పడుతుంది కాబట్టి సముద్రమే దారి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుంది. కాలువ మూతపడింది ఆరు రోజులే. ఆ ప్రభావం మాత్రం పోర్టుల్లో వారాల తరబడి కనిపించింది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు తమ ఓడలను ఆఫ్రికా కొస దాకా, గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిప్పాయి. ఇవి కాక, ఫ్యాక్టరీలో తయారవ్వాలి, కంటైనర్ నిండాలి, కస్టమ్స్ దాటాలి, లారీ దొరకాలి. అందుకే '14 నుంచి 18 వారాలు' అన్నది మాట ఇవ్వడం కాదు, అంచనా. మీ ప్లాన్‌లో 24 వారాలు వేసుకోండి.

అయితే ఇదే ఆలస్యం మీకు పనికొస్తుంది. లిఫ్ట్ ధర మీ ఐదు నెలల మిగులు అన్నారు కదా. దుకాణంతో 20 శాతం అడ్వాన్స్‌కి మాట్లాడండి. అది సరిగ్గా మీ ఒక నెల మిగులు. మిగతా 80 శాతం సరుకు వాళ్ల గోదాముకు చేరాక కడతానని చెప్పండి. 18 వారాలంటే నాలుగు నెలలు దాటుతుంది. ఆ నాలుగు నెలల మిగులును విడిగా ఒక ఖాతాలో వేస్తూ వెళితే సరుకు వచ్చేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. 14 వారాలకే వచ్చేస్తే ఒక నెల మొత్తం తక్కువ పడుతుంది. దాన్ని కార్డు మీద వేసి గడువు తేదీ లోపు పూర్తిగా తీర్చేయండి. మినిమమ్ కట్టి ఊరుకోవద్దు. నెలకు 3 శాతం వడ్డీ చూడ్డానికి చిన్నదే, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటిపోతుంది.

ఇక ఈఎంఐ ఎందుకు వద్దంటున్నానంటే, 6 నెలల ఈఎంఐలో లిఫ్ట్ గడప తొక్కకముందే మీరు మూడో నాలుగో వాయిదాలు కట్టేసి ఉంటారు. ఆర్డర్ రద్దయితే అసలు వెనక్కి వస్తుంది గానీ ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా రాదు. నో కాస్ట్ అన్నా, చేతి డబ్బుతో కొంటే ఇచ్చే తగ్గింపు ఈఎంఐ మీద ఇస్తారో లేదో అడగండి. ఇవ్వకపోతే ఆ తగ్గింపే మీరు కడుతున్న వడ్డీ.

అడ్వాన్స్ మాత్రం క్రెడిట్ కార్డుతోనే కట్టండి. వస్తువు రాకపోతే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే హక్కు కార్డుకు ఉంటుంది. దానికి గడువుంది, సాధారణంగా 120 రోజులు. ఆ లెక్క డబ్బు కట్టిన రోజు నుంచా, సరుకు రావాల్సిన తేదీ నుంచా అన్నది మీ బ్యాంకును ముందే అడిగి రాయించుకోండి. ఆర్డర్ కాగితం మీద 'త్వరలో' అని కాకుండా ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ దాటాక ఇన్ని రోజుల్లో రాకపోతే అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇస్తామన్న వాక్యం ఉండాలి. ధర పెరుగుతుందని వాళ్లే భయపెడుతున్నారు కదా, అడ్వాన్స్ తీసుకున్నాక ఇదే ధరకు ఇస్తామని కూడా అందులోనే రాయమనండి. నాకు ఈ వాక్యం 5 శాతం తగ్గింపు కన్నా విలువైనది. ఇవేవీ రాయడానికి ఒప్పుకోకపోతే ఆ దుకాణం వదిలేయండి, మరోచోట దొరుకుతుంది.

ధర అడిగేటప్పుడు 'మా గ్యారేజీలో దింపేదాకా ఎంత?' అని అడగండి. ఓడ ఖర్చు, బీమా, కస్టమ్స్ సుంకం, పన్ను, పోర్టు నుంచి లారీ, అన్నీ కలిపి. చాలా దేశాల్లో సుంకాన్ని వస్తువు ధర మీదే కాక రవాణా, బీమా కూడా కలిపిన మొత్తం మీద వేస్తారు, కాబట్టి ఓడ చార్జీ పెరిగితే సుంకమూ పెరుగుతుంది. ఇంత బరువైన సరుకును లారీవాళ్లు తరచుగా రోడ్డు పక్కన దింపి వెళ్లిపోతారు. అక్కణ్నుంచి లోపలికి చేర్చడానికి మనుషుల కూలీ మీదే.

డబ్బు కట్టే ముందు టేపు పట్టుకుని ఒకసారి గ్యారేజీలోకి వెళ్లండి. టేబుల్ దాదాపు రెండు మీటర్ల పొడవు ఉంటుంది, పైకి 75, 80 సెంటీమీటర్లు లేస్తుంది. దాని మీద అద్దాలతో సహా బండి ఎత్తు కలిపితే పైకప్పు తగలకూడదు. నేల గట్టి కాంక్రీటై ఉండాలి, టైల్స్ మీద బరువు ఒకచోట పడితే పగులుతాయి. 450 కిలోల సామర్థ్యం ఉన్నవి మామూలుగా దొరుకుతాయి, మీ 240 కిలోల బండికి అది ధారాళంగా సరిపోతుంది. ఆయిల్ ఒత్తిడి మీదే ఆగే లిఫ్ట్ మాత్రం కొనకండి. ఎత్తాక ఇనుప కడ్డీతో లాక్ పడాలి, పని చేసేంతసేపూ బరువు ఆ లాక్ మీదే ఉండాలి. ఆయిల్ ఒత్తిడితో టేబుల్‌ను లేపే సిలిండర్‌కి సీళ్లు విడిగా దొరుకుతాయో లేదో కూడా అడగండి. చిన్న రబ్బరు రింగు దొరక్క మొత్తం లిఫ్ట్ మూలన పడితే మీ ఐదు నెలల మిగులు ఇనుప సామాను కింద లెక్క.

ఈలోగా సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుందేమో చూడమని నా సలహా. ఇల్లు మారేవాళ్లు, బండి అమ్మేసినవాళ్లు అమ్ముతుంటారు, ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు. చూడ్డానికి వెళ్లినప్పుడు బండిని ఎక్కించి సగం ఎత్తుకు లేపించండి, లాక్ వేయొద్దనండి. కింద ఎవరూ చెయ్యి పెట్టకుండా చూసుకుని, ఆ ఎత్తు దగ్గర గోడ మీద సుద్దతో గీత పెట్టండి. అరగంట ఆగండి. టేబుల్ గీత కన్నా కిందికి జారితే సీళ్లు పోయినట్టే, ధర తగ్గించమని అడగాలి. టేబుల్ కింద కత్తెరలా తెరుచుకునే ఇనుప చేతుల దగ్గర వెల్డింగ్ మీద సన్నని పగులు కనిపిస్తే మాత్రం ఎంత తగ్గించినా తీసుకోకండి.

అప్పటిదాకా మోకాళ్ల సంగతి కూడా చూడాలి కదా. వెనుక చక్రాన్ని లేపే ప్యాడాక్ స్టాండ్ ఒకటి కొనుక్కోండి, టేబుల్ లిఫ్ట్ ధరలో అది చిన్న వంతు. గాల్లో ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ, చిన్న చక్రాల స్టూలు మీద కూర్చుని చైన్ మొత్తం శుభ్రం చేసేయొచ్చు, బండిని అంగుళం అంగుళం ముందుకు తోస్తూ వంగి లేవనక్కర్లేదు. అది వాడుతూ నెల గడిచాక కూడా లిఫ్ట్ కావాలనిపిస్తే ఆర్డర్ ఇవ్వండి. మీ పనుల్లో ఎక్కువ భాగం చైన్, ఆయిల్, బ్రేకులే కాబట్టి స్టాండుతోనే సరిపోయిందని మీరే అన్నా నేను ఆశ్చర్యపోను.

లిఫ్ట్ వచ్చిన రోజు డ్రైవర్ తొందరపెడతాడు. సంతకం పెట్టే ముందు పెట్టె నాలుగు వైపులా ఫోటోలు తీయండి. మూలలు నలిగినా, చెక్క విరిగినా, ఆయిల్ మరక కనిపించినా డెలివరీ కాగితం మీదే ఆ మాట రాసి, అప్పుడు సంతకం పెట్టండి. 'బాగానే అందింది' అని సంతకం పెట్టేశాక సిలిండర్ కారుతోందని చెబితే బీమావాళ్లను ఒప్పించడం చాలా కష్టం.