84 పుస్తకాల జాబితా అందింది

విజయవాడ, సింగ్‌నగర్
26 డిసెంబరు 2024

తల్లీ,

నీ కవరు అంది పదిహేను రోజులు దాటింది. కథ రెండుసార్లు చదివాను. దానితో పాటు పెట్టిన జాబితాని మాత్రం ఇంకా ఎక్కువసార్లు చూశాను, ఎందుకంటే నీ టెన్షనంతా కథలో కంటే ఆ కాగితం మీదే కనిపించింది నాకు. ఏడాదిలో 84 పుస్తకాలు చదివావు. వంద అనుకుని చేరలేకపోయానని బాధపడ్డావు. అట్టడుగున చిన్న అక్షరాలతో, 'జూన్, జులై వేస్టయిపోయాయి మాస్టారూ, నాన్నగారి ఉద్యోగం పోయింది, ఇంట్లో పరిస్థితి బాలేదు, ఒక్క పుస్తకమూ సాగలేదు' అని రాశావు. ఆ చిన్న అక్షరాల కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

నా లెక్క కూడా చెబుతాను. 1979 నుంచి నేనొక చిట్టా రాస్తున్నాను. రూళ్ల నోటుబుక్కే, అంతకంటే ఏం లేదు. పుస్తకం పూర్తయిన తేదీ, దాని పేరు, పక్కన ఆ రోజు ఇంట్లోనో వీధిలోనో జరిగిన ఒక్క సంగతి. పుస్తకం ఎలా ఉందో రాయను, బాగుంటే అదే గుర్తుంటుంది. ఈ ఏడాది పేజీలు తిప్పితే 19 పుస్తకాలు తేలాయి. అందులో 11 ఇదివరకు చదివినవే. అయినా నా మొత్తం జీవితంలో ఇంత చదువుకున్న సంవత్సరం ఇంకోటి లేదనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

జనవరిలో అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. 88 ఏళ్ల మనిషి. గుంటూరులోనే ఆపరేషన్ చేయించి, తర్వాత బ్రాడీపేటలో మా తమ్ముడి ఇంట్లో ఉంచాం. నేను రోజు విడిచి రోజు ఇక్కడి నుంచి బస్సులో వెళ్ళేవాణ్ణి. కనకదుర్గమ్మ వారధి దాటాక పుస్తకం తీస్తే మంగళగిరి వచ్చేసరికి పది పన్నెండు పేజీలు అయ్యేవి, తిరుగు ప్రయాణంలో చీకటి పడితే అవీ ఉండేవి కావు. చిట్టాలో మార్చి 6న ఇలా ఉంది: 'చాసో కథలు మళ్ళీ. బస్సులో, కాజ టోల్‌గేటు దగ్గర పూర్తి. అమ్మ ఇవాళ ఇడ్లీ ఒకటిన్నర తింది.' చాసో అంటే మన కథకుడు చాగంటి సోమయాజులు గారే.

ఆ ఒకటిన్నర ఇడ్లీ రాసి ఉండకపోతే ఆ రోజు నాకు మళ్ళీ దొరికేది కాదు. అంతకు ముందు వారమంతా సగం ఇడ్లీతో ఆపేస్తుండేది. ఆ రోజు మా మరదలు పళ్లెం వంటింట్లోకి తీసుకెళ్ళకుండా ముందు గదిలోకి తెచ్చి నాకు చూపించింది, ఖాళీ పళ్లేన్ని. చిట్టాలో ఆ ముక్క చదవగానే మరదలి ముఖం, చేతిలో పళ్లెం, గది, డెట్టాల్ వాసన అన్నీ వచ్చేస్తాయి. చాసో కథ కూడా ఆ పళ్లెంతోనే కలిసిపోయి వస్తుంది.

అమ్మ చదువుకున్నది గుంటూరు శారదా నికేతనంలో. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో ఆడపిల్లల చదువు కోసం పెట్టిన సంస్థ అది. ఉన్నవ వారు ఆ రోజుల్లోనే జైల్లో ఉండి 'మాలపల్లి' నవల రాశారు, తర్వాత మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అమ్మకి చిన్నతనంలో ఆయన్ని దూరం నుంచి చూసిన గుర్తు. అంతే, పుస్తకం మాత్రం ఎప్పుడూ చదవలేదు. పెళ్లయింది, నలుగురం పుట్టాం, కూర్చుని అంత లావు పుస్తకం చదివే తీరిక ఎవరిచ్చారు ఆవిడకి. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని నా మటుకు నేను చదువుకుంటుంటే, 'నీలో నువ్వు చదువుకుంటే నాకేం వస్తుందిరా, పైకి చదువు, ఆయన రాసిందేదో ఉందిగా, అది తీసుకురా' అంది. తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న పాత ప్రతి తీసుకెళ్ళాను.

నలభై ఏళ్లు పిల్లలకి తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, పైకి చదవడం నాకు కొత్త కాదు. కానీ క్లాసులో పిల్లలకి కదలడానికి లేదు. మంచం మీది మనిషికి ఆ మొహమాటం ఉండదు, నచ్చకపోతే కళ్లు మూసుకుంటుంది. మందు వేసిన గంటకి ఏ పుస్తకమైనా నిద్రపుచ్చుతుందనుకో, అది పక్కన పెట్టు. ఆ నవలలో దీర్ఘమైన చర్చలున్నాయి, వాటి దగ్గర అమ్మ జోగేది. ఊళ్లో మనుషులు మాట్లాడుకోవడం మొదలవగానే కళ్లు తెరిచేది. గుంటూరు, పల్నాడు వైపు పలుకుబడి వినపడితే ఆ మాటని తనూ ఒకసారి పలికి చూసుకునేది, 'మా అమ్మమ్మ ఇట్లాగే అనేది' అని చెప్పేది. అమ్మ ఎక్కడ నిద్రపోతే అక్కడ మార్జిన్లో పెన్సిల్‌తో సన్నగా గీత గీసి తేదీ వేసేవాణ్ణి, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టడానికి. ముప్ఫై ఏళ్ల కిందట అదే పుస్తకం నాకు నేను చదువుకున్నప్పుడు చర్చలకి గీతలు గీశాను. ఇప్పుడు మాటల దగ్గర ఆగాను. నా కథల్లో మనుషులు ఇంత తక్కువగా మాట్లాడుకుంటారేమిటని ఆ వేసవిలోనే మొదటిసారి అనిపించింది, అప్పటికి నేను రాయడం మొదలుపెట్టి ముప్ఫై అయిదేళ్లు.

అందుకని నీ కథ కూడా పైకి చదువు. ఒంటరిగా గదిలో వద్దు, ఎవరికైనా వినిపించు. మీ నాన్నగారు ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు కదా, ఆయనకి వినిపించు. ఆయన బాగుందంటారు, కూతురు కదా. ఆ మాట పట్టించుకోకు. చదువుతున్నప్పుడు ఆయన ఎక్కడ ఫోను వైపు చూశారో, ఎక్కడ చెయ్యి ఆపారో అది చూడు.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ పోయింది. పుస్తకం మూడోవంతు మిగిలింది. ఆఖరి పెన్సిల్ గీత పక్కన తేదీ ఏప్రిల్ 11.

ఆ తర్వాత నా చిట్టాలో జులై 20 దాకా ఒక్క అక్షరం లేదు. నువ్వయితే వేస్టు అంటావు. ఆ మూడు నెలల్లో నేను అమ్మ ట్రంకు పెట్టె సర్దాను. అందులో ఒక పాల లెక్కల పుస్తకం దొరికింది, 1971 నాటిది. తేదీ, ఎంత పోయించుకున్నదీ, ఎంత ఇవ్వాలన్నదీ, అంతే. మధ్యలో ఒకచోట 'పెద్దాడికి జ్వరం, పాలు ఎక్కువ' అని ఉంది. మరోచోట 'ఆయన ఊళ్లో లేరు, తోడు పెట్టలేదు'. పెద్దాడు అంటే నేనే. ఆ జ్వరం నాకు గుర్తు లేదు. ఆ వాక్యం చూసి వసారాలో చాలాసేపు కూర్చున్నాను. ఈ ఏడాది నేను చదివినవాటిలో నన్ను అంతసేపు కూర్చోబెట్టినవి ఇంకో రెండు మూడే ఉంటాయి, కానీ దాన్ని ఏ జాబితాలో వెయ్యాలో తెలియక 19లో కలపలేదు.

ఇక నీ కథకి వస్తాను. వరద మీద రాశావు, మా పేట మీదే రాశావు, అందుకు సంతోషం. కానీ కృష్ణమ్మ గర్జిస్తూ ఇళ్ల మీద పడిందని రాశావు. అక్కడే ఆగిపోయాను తల్లీ. నువ్వు గుంటూరులో ఉండి టీవీలో చూశావు, టీవీలో అందరూ కృష్ణనే చూపించారు. నిజమే, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చింది, అంతకు ముందెప్పుడూ అంత రాలేదు. మేమూ ఆగస్టు 31 రాత్రి కృష్ణ గురించే మాట్లాడుకుని పడుకున్నాం. మా ఇళ్లలోకి వచ్చింది కృష్ణ కాదు. బుడమేరు వాగు. పైన గట్టుకి గండ్లు పడి, ఎవరూ చూడని వైపు నుంచి వచ్చింది. గర్జన ఏమీ లేదు. ఆదివారం పొద్దున మా ఆవిడ కాఫీ పెడుతుంటే బాత్రూం తూములోంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ పైకి రావడం మొదలైంది. మేము తూముకి గోనెసంచి అడ్డం పెడుతుండగానే వీధి గుమ్మంలోంచి కూడా నీళ్లు వచ్చేశాయి. పది గంటలకి మోకాళ్లు, మధ్యాహ్నానికి నడుము. అంత నెమ్మదిగా వచ్చింది కాబట్టే ఏం తియ్యాలో తేల్చుకోలేకపోయాం. మా ఆవిడ బియ్యం, మందులు, ఇంటి కాగితాలు అటక మీదికి ఎక్కించింది. నేను చిట్టాలు ఎక్కించాను. పుస్తకాల బీరువాలు రెండూ అలాగే ఉండిపోయాయి.

నాలుగు రోజులు పక్కవాళ్ల డాబా మీద ఉన్నాం. డ్రోన్లు తిండి పొట్లాలు పడేసేవి. అయిదో రోజు పడవలో ఫ్లైఓవర్ దాకా వచ్చి, మా అమ్మాయి వాళ్లింటికి వెళ్ళాం. ఈ భాగం అందరూ రాశారు, నేను మళ్ళీ రాయను.

ఎవరూ రాయని సంగతి తడిసిన పుస్తకాలు ఎలా ఉంటాయన్నది. ఫైరింజను పైపుతో బురద కడిగి వెళ్ళాక బీరువా తలుపు రాలేదు, లోపల పుస్తకాలు ఉబ్బి బిగుసుకుపోయాయి. గడ్డపారతో తీశాం. నున్నటి కాగితం మీద అచ్చేసినవి ఒక్కో పుస్తకం ఒక్కో ఇటుక, పేజీలు అతుక్కుపోయాయి, ఇక విడవవు. నాసిరకం కాగితం అనుకున్నవే బతికాయి. పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, నిలువుగా విసనకర్రలా నిలబెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టాం, రోజుకి రెండుసార్లు పేపర్లు మార్చి. ఎండలో పెట్టకూడదని ఆలస్యంగా తెలిసింది, మొదటి రోజు ఎండలో పెట్టినవి వంకర తిరిగి పెళుసైపోయాయి. పద్నాలుగు వందల పుస్తకాల్లో మూడు వందలు మిగిలాయి. ఇంకు పెన్నుతో రాసుకున్న నా నోట్సంతా నీలం మరకైపోయింది. నా మొదటి కథ చిత్తుప్రతి కూడా అందులోదే. పెన్సిల్ రాత మాత్రం చెక్కుచెదరలేదు. 'మాలపల్లి' అట్ట ఊడింది, పేజీలు చివర్ల బురద రంగుకి తిరిగాయి. తెరిచి చూస్తే మార్జిన్లో గీతలు, తేదీలు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఫిబ్రవరి 19, ఫిబ్రవరి 21, మధ్యలో అమ్మకి జ్వరం వచ్చిన వారం ఖాళీ, మళ్ళీ మార్చి 2.

నీ కథలో ముసలావిడ ఇల్లు పోయిందని మూడు పేరాలు ఏడుస్తుంది. ఆ ఏడుపు నిజమే, నేను విన్నాను. కానీ చాసో 'వాయులీనం' మళ్ళీ ఒకసారి చదువు, నీ జాబితాలో 31వది అదే. భార్యకి జబ్బు చేస్తే భర్త ఆవిడ వాయించే ఫిడేలు అమ్మి వైద్యం చేయిస్తాడు, మిగిలిన డబ్బుతో ఆవిడకే చీర తెస్తాడు. దుఃఖమంతా ఆ చీరలో ఉంది. నీ ముసలావిడ చేతిలో ఏముంది? ఆవిడ ఏది అటక మీద పెట్టింది, ఏది వదిలేసింది? అది నీకు తెలియకపోతే వచ్చి ఇక్కడ అడుగు, మా వీధిలో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. ఇంకా గోడల మీద నీటి గీత అలాగే ఉంది, రంగులు వెయ్యలేదు చాలామంది.

అసలు నువ్వు వరద వదిలేసి జూన్, జులై రాస్తే బాగుండును. ఇప్పుడే కథగా వద్దు. ముందు నోటుబుక్కులో పెట్టు. ఆఫీసు లేని రోజు పొద్దున్నే మీ నాన్నగారు ఏం చేస్తున్నారు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారా, ఎవరైనా ఫోను చేస్తే ఎక్కడికి వెళ్ళి మాట్లాడుతున్నారు, అమ్మ పాలు ఎన్ని తగ్గించింది. పక్కన ఆ రోజు ఏ పుస్తకం తెరిచి ఎన్నో పేజీలో మూసేశావో అది కూడా రాయి. పుస్తకం సాగలేదన్నావు కదా, ఎక్కడ ఆగిందో ఆ వాక్యం రాసి పెట్టు. పూర్తి చేసినవే చదివినట్టు అనుకోకు. తేదీ తప్పకుండా వెయ్యి. పెన్సిల్‌తో రాయి.

వచ్చే ఏడాది వంద అని లెక్క పెట్టుకోకు. ఆ 84లో నీకు నిద్ర పట్టనివ్వనివి అయిదో ఆరో ఉండి ఉంటాయి, వాటిని మళ్ళీ చదువు. కొన్ని పేర్లు నువ్వు జాబితా నింపడానికే చదివావని తేదీలు చూస్తే తెలుస్తోంది, డిసెంబరు మొదటివారంలోనే తొమ్మిదున్నాయి. ఇది కోప్పడటం కాదు. ఆ వారం నువ్వు నిద్రపోయావా అని అడగాలనిపించింది.

జనవరి మొదటివారంలో ఇక్కడ పుస్తకాల పండగ మొదలవుతుంది. ఒకప్పుడు స్వరాజ్య మైదానంలో జరిగేది, ఇప్పుడక్కడ అంబేడ్కర్ స్మృతివనం వచ్చింది. ఎక్కడ పెట్టినా నేను వెళ్తాను, బీరువాలు నింపుకోవాలి. నువ్వూ పొద్దున బస్సుకి వచ్చెయ్యి. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులు కూడా చూద్దాం, అక్కడైతే నీ డబ్బుకి రెండింతలు వస్తాయి, ఇప్పుడు ఇంట్లో పరిస్థితి తెలిసిందే కదా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మీ నాన్నగారికి వీలైతే ఆయన్నీ తీసుకురా, మా ఆవిడ చెప్పమంది.

'మాలపల్లి'లో మిగిలిన మూడోవంతు నేనింకా తెరవలేదు. ఒక్కణ్ణీ చదువుకోవాలంటే మనసు రావడం లేదు. భోజనాలయ్యాక నువ్వు పైకి చదువు, నేను వింటాను. ఏప్రిల్ 11 గీత దగ్గర నుంచి మొదలుపెట్టు. అట్ట లేదు, కుట్టు వదులైంది, కింద చెయ్యి పెట్టి పట్టుకోవాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు