శ్రీనూ, నీ టూలుకి తల లేదు

చిరంజీవి శ్రీనుకి, బొబ్బిలి నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన గ్యాస్ బావి టూలు డ్రాయింగు ఫోన్‌లో ఎంత పెద్దది చేసినా నా కంటికి ఆనలేదు. మొన్న విజయనగరంలో పనుండి వెళ్లినప్పుడు గంటస్తంభం దగ్గర పెద్ద కాగితం మీద ప్రింటు తీయించాను. జిరాక్సు షాపు కుర్రాడు "ఏటండీ ఇది, రాకెట్టా?" అన్నాడు. "కాదు బాబూ, ఇది కిందికెళ్లేది" అన్నాను. రాత్రి భూతద్దం పెట్టుకుని కూర్చుంటే మీ అత్తయ్య "రిటైరై ఎనిమిదేళ్లయినా ఈ గొట్టాలు వదల్లేదు" అని లైటు ఆర్పేసింది. అందుకే జవాబు ఆలస్యమైంది.

ముందు మంచి సంగతి చెబుతాను. బావిలోకి దిగి, లోపల తొడిగిన ఉక్కు గొట్టం, అంటే కేసింగు, గోడకి పట్టుకుని కూర్చుని, కింది ప్రెషరూ టెంపరేచరూ రాసుకుని, మళ్లీ పైకొచ్చే బిరడాలాంటి ప్లగ్గు ఇది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడే ఇలాంటిది నీ చేతికిచ్చారంటే నీ మీద నమ్మకం ఉన్నట్టే. టూలు గోడ మందం లెక్క నేను మళ్లీ కట్టి చూశాను. 3,500 మీటర్ల లోతు, బావి నిండా నీటికి 1.3 రెట్లు బరువుండే ద్రవం. పది మీటర్ల నీటికి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున వేసుకుంటే 455 కిలోలు. గోరంత జాగా మీద ఆరు బస్తాల ధాన్యం పెట్టినట్టు. నువ్వు పెట్టిన మందం దానికి సరిపోతుంది.

కానీ నీ టూలుకి తల లేదు. పైకొస నున్నగా, గుండ్రంగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కింద కూర్చున్నాక పైకి లాగబోతే పై కనెక్షన్ తెగిపోయిందనుకో. అప్పుడు దాన్ని రిగ్గు మీద "ఫిష్" అంటారు, దాన్ని పట్టే పనిని ఫిషింగ్ అంటారు. పట్టడానికి దించే పరికరానికి ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి కదా. అందుకే టూలు పైభాగాన మెడ సన్నగా, దాని మీద తల కాస్త లావుగా ఉంచుతారు. దాన్నే ఫిషింగ్ నెక్ అంటారు. దాని కొలతలు నీ ఇష్టమొచ్చినట్టు పెట్టకు. రిగ్గుల మీద ఏ పుల్లింగ్ టూలు దొరుకుతుందో కనుక్కుని, దానికి సరిపోయేలా పెట్టు. నీ కంపెనీ మాత్రమే తయారుచేసే స్పెషల్ పట్టకారుతోనే వచ్చే టూలైతే, ఆ పట్టకారు లారీలో వచ్చేదాకా రిగ్గు అద్దె నడుస్తూనే ఉంటుంది.

ఈ విషయం నేను రిగ్గు మీద నేర్చుకోలేదు. మీ తాతయ్య బోరు దగ్గరే నేర్చుకున్నాను. మీ అమ్మకి గుర్తుండే ఉంటుంది, అడుగు. మామిడితోటలో బోరుకి సబ్‌మెర్సిబుల్ మోటారు దించుతున్నారు. మోటారుకి విడిగా తాడు కట్టమని తాతయ్య అన్నారు. "ఏటీ అవదు బాబూ, మేం రోజూ దించుతున్నాం" అన్నాడు మెకానిక్. 180 అడుగుల దగ్గర క్లాంపు జారింది. చేతిలో ఉన్న పైపు ఒక్కసారి వణికి, సర్రున లోపలికి పోయింది. ఆ చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఇనప చువ్వని వంచి కొక్కెం చేసి మూడు రోజులు గాలించారు. మూడో రోజు పైపు అంచుకి కొక్కెం తగిలింది. అందరూ కలిసి లాగేసరికి ఆ అంచే చిరిగిపోయింది. తాతయ్య ఇంకో బోరు వేయించుకున్నారు. ఇప్పటికీ తోటలో రాయి పెట్టి మూసిన గొట్టం ఒకటుంటుంది చూడు, అదే.

అన్నట్టు, ఆ సన్నటి పొడుగాటి మోటారు కూడా నూనె బావుల్లో ఎదిగిందే. అరుటునోవ్ అనే రష్యా ఇంజనీరు అమెరికా వెళ్లి 1920ల్లో దాన్ని నిలబెట్టాడు. బావి వెడల్పు పెరగదు కాబట్టి మోటారునే పొడుగు చేశాడు. మన పొలాలకి నీళ్లు పోస్తున్నది ఆయన ఆలోచనే.

ఇక వెడల్పు సంగతి. ఏడంగుళాల, అడుగుకి 29 పౌండ్ల కేసింగుకి డ్రిఫ్ట్, అంటే అడ్డు లేకుండా దూరుతుందని హామీ ఉన్న వెడల్పు, 6.059 అంగుళాలు. నీ టూలు 6 అంగుళాలు. కాగితం మీద దూరుతుంది. అంటే డ్రిఫ్ట్ సైజులో చుట్టూ ముప్పావు మిల్లీమీటరు సందు. ఆ సందులో ఇసక ఉంటుంది, తుప్పు పొలుసులు ఉంటాయి, పెర్ఫొరేషన్ చేసినచోట, అంటే గ్యాస్ రావడానికి కేసింగుకి రంధ్రాలు కొట్టినచోట, గోడకి లోపలివైపు ముళ్లు లేచి ఉంటాయి. ఇంత టైటుగా ఉంటే టూలు పిస్టన్‌లా పనిచేస్తుంది. తొందరగా దించితే కింద ప్రెషర్ పెరుగుతుంది. తొందరగా లాగితే కింద ప్రెషర్ తగ్గి గ్యాస్ బావిలోకి రావడానికి సందు దొరుకుతుంది. దాన్ని స్వాబింగ్ అంటారని నీకు తెలుసు. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. అది ఎందుకు జరిగిందన్న జోలికి నేను పోను. కొబ్బరితోటల మీద ఆ వెలుగు చూసినవాడికి మాత్రం "కాస్త మెల్లగా లాగండి" అని ఎవరూ చెప్పక్కర్లేదు. నువ్వు ఆ వెడల్పు కాస్త తగ్గించి, టూలు మధ్యలోంచి ద్రవం పోయే దారి పెట్టు. కూర్చున్నాక ఆ దారి మూసుకునేలా, లాగే ముందు మళ్లీ తెరుచుకునేలా చెయ్యి. లేకపోతే ప్లగ్గు కింద ప్రెషర్ ఎక్కువున్నప్పుడు విప్పిన మరుక్షణం అది పైకి దూసుకొస్తుంది.

ఓ-రింగుల దగ్గర, అంటే లోపలికి ద్రవం రాకుండా ఆపే రబ్బరు రింగుల దగ్గర, నాకు కోపమొచ్చింది. నైట్రైల్ అని రాశావు. పైన ముప్ఫై డిగ్రీలు, అక్కణ్నుంచి వంద మీటర్లకి మూడు డిగ్రీలు వేసుకున్నా నీ లోతులో 135 డిగ్రీలు. నైట్రైల్ 120 దగ్గరే గట్టిపడి పగుళ్లిస్తుంది. వేడికి తట్టుకునే వైటన్ రబ్బరుకి మార్చు. గ్యాస్ బావి కాబట్టి ఇంకోటి కూడా ఉంది. ఆ ప్రెషర్‌లో గ్యాస్ రబ్బరు లోపలికి ఇంకుతుంది. టూలుని గబగబా పైకి లాగితే సోడా మూత తీసినట్టు ఆ గ్యాస్ ఒక్కసారి ఉబ్బి రబ్బరుని లోపల్నుంచి చీలుస్తుంది. దానికి తట్టుకునే గ్రేడు విడిగా దొరుకుతుంది. కొనేవాళ్లు ధర చూసి గొణుగుతారు, నువ్వు తగ్గకు.

కానీ నా సర్వీసులో ఓ-రింగు మెటీరియల్ వల్ల పోయిన టూళ్ల కంటే, బిగించేటప్పుడు కోసుకుపోయి చెడినవే ఎక్కువ. ఒక రాత్రి, రెండు దాటింది, వాన. పైకొచ్చిన గేజ్ టూలుని విప్పుతున్నాం. లోపల పొడిగా ఉండాలి. హౌసింగు, అంటే బయటి గొట్టం, వంచగానే కాఫీ రంగు నీళ్లు బూటు మీద పడ్డాయి. నాలుగు రోజుల రికార్డింగు పోయింది. ఓ-రింగు తీసి టార్చి వెలుగులో సాగదీస్తే వెంట్రుకంత గాటు. హౌసింగు మొదట్లో వాలు సరిగా తీయలేదు, అంచు కత్తిలా ఉంది, తోసేటప్పుడు అదే కోసింది. నీ డ్రాయింగులో కూడా ఆ అంచు దగ్గర వాలు చూపించలేదు. 15, 20 డిగ్రీల వాలు పెట్టు, అంచు నునుపు చెయ్యమని రాయి. మొదటి పీసు వచ్చాక నువ్వే వెళ్లి గోరుతో ఆ అంచంతా తడిమి చూడు. గోరు గీరుకుంటే రబ్బరూ గీరుకుంటుంది.

దీనికన్నా ముఖ్యమైంది ఇంకోటుంది, ఇక్కడ మనుషుల ప్రాణాలు ఉన్నాయి కాబట్టి రెండుసార్లు చదువు. లీకైన టూలు పైకొచ్చినప్పుడు లోపల ప్రెషర్ బంధించి ఉండొచ్చు. బయటికి మామూలుగానే కనిపిస్తుంది. కుర్రాడు రెంచి పెట్టి విప్పుతాడు. ఆఖరి చుట్టు వదలగానే మూత తుపాకీ గుండులా వస్తుంది. నీ డ్రాయింగులో ఓ-రింగు కంటే ముందే థ్రెడ్డు అయిపోతోంది. దాన్ని తిరగెయ్యి. సీలు వదిలి గాలి బుస్సుమన్నాక కూడా థ్రెడ్డు ఇంకా నాలుగైదు చుట్లు పట్టుకుని ఉండాలి. పక్కన ప్రెషర్ మెల్లగా వదలడానికి చిన్న బ్లీడ్ స్క్రూ కూడా పెట్టు. విప్పేవాడు దాని ఎదురుగా నిలబడకుండా ఉండేలా దాని చోటు చూసుకో.

బ్యాటరీ ఇప్పటికి ఫరవాలేదు. రేపు "ఇదే టూలు గోదావరి లోతుల్లో 200 డిగ్రీల బావికి కూడా" అని మీ సేల్స్ వాళ్లు ఒప్పుకుని వస్తారు, వాళ్లెప్పుడూ అంతే. లిథియం 180 డిగ్రీలకి కరుగుతుంది. మామూలు లిథియం సెల్‌ని అంతకు మించి వేడిలోకి పంపితే అది పేలుతుంది. ఆ వేడికి వేరే రకం సెల్ ఉంది, దాన్ని టెస్టు చెయ్యకుండా కాగితం మీద 200 అని రాయకు.

షియర్ పిన్నులు, అంటే అనుకున్న బరువు పడగానే తెగాల్సిన పిన్నులు, ఇత్తడివి పెట్టావు, మంచిదే. ఎంత బరువుకి తెగుతాయో కేటలాగు చూసి రాసినట్టున్నావు. బుడితిలో చెంబులు చేసేవాళ్లని అడిగితే ఒక పోతకీ ఇంకో పోతకీ ఇత్తడి ఒకేలా ఉండదని చెబుతారు. పైగా వేడిలో బలం తగ్గుతుంది. వచ్చిన ప్రతి లాటులోంచి కొన్ని తీసి, బావి వేడిలోనే తెంపి చూసి, ఆ అంకె రాసుకో.

కొత్తది చెయ్యాలన్న నీ ఆత్రం నాకు అర్థమవుతుంది. 1927 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ష్లంబర్జే అన్నదమ్ముల మనుషులు మొదటి ఎలక్ట్రికల్ లాగ్, అంటే బావి లోతు వెంట రాళ్ల కరెంటు కొలతలు, తీసినప్పుడు, టూలుని కొంచెం కొంచెం దూరంలో ఆపుకుంటూ ఒక్కో రీడింగు చేత్తో రాసుకున్నారు. అక్కణ్నుంచి ఇప్పుడు డ్రిల్లింగ్ చేస్తూనే మడ్డులో, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవంలో, ప్రెషర్ దెబ్బలతో కింది కబురు పైకి పంపేదాకా వచ్చాం. మామూలుగా సెకనుకి నాలుగైదు అక్షరాలు కూడా రావు, అయినా తవ్వే బిట్టుని ఎటు తిప్పాలో తెలిసిపోతోంది. కానీ నాకు బాగా నచ్చినవి వేరే. నూనె తగిలితే దానంతట అదే ఉబ్బి గోడకి పట్టుకుని సందు మూసే ప్యాకర్ ఒకటి, అందులో కదిలే భాగమే లేదు. పని అయ్యాక ఉప్పునీటిలో కరిగిపోయే మెగ్నీషియం ప్లగ్గు ఇంకోటి, దాన్ని పైకి తీసే బాధే లేదు. నీ టూలులో కదిలే భాగాలు లెక్కపెట్టాను, ఇరవై మూడున్నాయి. అందులో ఆరేడు ఎందుకున్నాయో నాకు తెలియలేదు. నీకు తెలిస్తే సరే, లేకపోతే తీసెయ్యి.

టెస్టు శుభ్రమైన హైడ్రాలిక్ ఆయిల్‌లో చెయ్యకు. ఇసక కలిపిన మురికి ద్రవంలో పెట్టి, వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చెయ్యి. బయట స్పానరు పట్టడానికి చదునైన ముఖాలు పెట్టు, లేకపోతే పైపు రెంచి పళ్ల గుర్తులు సరిగ్గా సీలు కూర్చునేచోటే పడతాయి. తిరగేసి కూడా బిగించగలిగే భాగం ఏదైనా ఉంటే, ఏదో ఒక నైట్ షిఫ్టులో ఎవడో ఒకడు తప్పకుండా తిరగేసే బిగిస్తాడు. నేనూ బిగించాను.

దసరా తర్వాత సిరిమానోత్సవానికి అమ్మని తీసుకుని వస్తావు కదా, మార్చిన డ్రాయింగు పెద్ద ప్రింటు పట్టుకురా. ఆ రాత్రి తీసిన గాటు పడ్డ ఓ-రింగు నా దగ్గరే ఉంది, నీకిస్తాను. గాజుల డబ్బాలో పెట్టాను. మీ అత్తయ్య ఇప్పటికి రెండుసార్లు చెత్తలో పడేసింది, రెండుసార్లూ వెతికి తెచ్చుకున్నాను. ఈసారి పండక్కి ఇల్లు సర్దకముందే రా.

మీ మావయ్య