చిట్టితల్లికి పెద్దమ్మ రాసేది

చిట్టితల్లీ,

మార్చి 8 సభలో నీ సంగతి నువ్వే మైకు ముందు చెప్తానని ఒప్పుకున్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. "పరువు పోతుందే అక్కా" అంది. నీ మొగుడు నిన్ను కొట్టినన్నాళ్లూ పోని పరువు నువ్వు నోరు విప్పితే పోతుందా అని దాన్ని కసిరాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. గర్వంగానూ ఉంది, గుండెల్లో దడగానూ ఉంది.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. కాగితం మీద రాసుకో, గట్టిగా చదువుకో. ఏడుపొస్తే ఆగి మంచినీళ్లు తాగు. కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి ఆ కాగితం ముందు మీ లాయరమ్మకి చూపించు. సభలో అన్న మాట పట్టుకుని అవతలి వకీలు రేపు నిన్నే నిలదీస్తాడు.

ధైర్యం ఎక్కణ్ణించి తెచ్చుకోవాలి పెద్దమ్మా అని అడిగావు. 1991లో మన నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకి చదువు చెప్పే అక్షర దీపం కార్యక్రమం మొదలైనప్పుడు నేను ఊళ్లో రాత్రి బడి నడిపాను. ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి, ఇంత వండిపెట్టి, లాంతరు దగ్గర కూర్చునేవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ వచ్చింది, తాగుబోతు మొగుడితో పడ్డ మనిషి కథ. చదవడం అయ్యాక ఎవరూ లేవలేదు. ఒకామె "ఇది నా కథే" అంది. పక్కనామె "నాది ఇంకా అన్యాయం" అంది. అప్పటిదాకా ఎవరికి వాళ్లు తమ ఖర్మ అనుకున్నదే. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన సంగతి కూడా పాఠమై వచ్చింది. 1992లో జిల్లా అంతా లేచింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. ముందే ధైర్యం కూడగట్టుకుని వచ్చి మాట్లాడినవాళ్లని వాళ్లలో నేను చూడలేదమ్మా. నోరు విప్పాక, ఎదుటి ముఖాలు చూశాక వచ్చింది అది. అందుకే ముందు వరసలో నీవాళ్లని కూర్చోబెట్టుకో.

ఇక నా భయం. ఆ రోజుల్లోనే పక్క ఊళ్లో పందిరి వేసి మీటింగ్ పెట్టారు. మా బడికొచ్చే ఒకామె మైకు పట్టుకుంది. అంత బాగా మాట్లాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. తాళి తాకట్టు పెట్టిన సంగతి చెప్పింది, వీపు మీద మచ్చలు చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో కూతురి సంగతీ చెప్పేసింది. సారా బాకీ కింద మొగుడు ఆ పిల్లని అప్పిచ్చిన ముసలాడికి కట్టబెడతానని మాటిచ్చాడని, పిల్ల రాత్రంతా గడ్డివాము చాటున దాక్కుందని. ఆ పిల్ల అక్కడే చాప మీద నా పక్కన ఉంది. ఎనిమిదో తరగతి. తలెత్తలేదు. ఒక పేపరువాళ్లు పేర్లతో సహా వేశారు. బళ్లో పిల్లలు దాన్ని ఆ ముసలాడి పేరుతో పిలిచారు. నెల తిరక్కుండా చదువు మానేసింది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లూ ఆ రాత్రి గురించే ఆరా తీశారు. తల్లికి ఊళ్లో గౌరవం పెరిగింది, కూతురు ఏళ్ల తరబడి ఆమెతో మాట్లాడలేదు. "నా కథ చెప్పుకున్నందుకు బాధ లేదక్కా. దాని కథ కూడా నేనే చెప్పేశాను" అని నా దగ్గర ఏడ్చింది.

మన పాప ఆ రాత్రి గడియ తీసి పక్కింటికి పరిగెత్తింది కదా, అది నీ కాగితంలో ఉందా? ఉంటే పాపని అడుగు. పదకొండేళ్ల పిల్లకేం తెలుసు అనకు, అంటే నీ చెవి మెలేస్తాను. వద్దంటే ఆ ముక్క కొట్టెయ్. ఆ రోజుల్లో పేపరు పాతబడేది, ఇప్పుడు ఫోన్లలో వీడియో పోదు. రికార్డు చేయొద్దని నిర్వాహకులతో ముందే ఖాయం చేసుకో. మొహమాటపడితే నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

వాణ్ణి తిట్టాలనిపిస్తే తిట్టు. మీ అమ్మని మాత్రం ఏమీ అనకు. "సర్దుకుపో" అని నిన్ను వెనక్కి పంపింది నిజమే, చెప్పాల్సిన మాటే. కానీ అది ముందు ఇంట్లో దాని మొహాన అడుగు. జవాబు వినకుండా సభలో పెట్టకు.

నేను ముందురోజే వస్తున్నాను. నీలం నేతచీర కట్టుకో, నీకు బాగుంటుంది. పాపకి ఆ వారం పరీక్షలున్నాయేమో చూసి రాయి, లేకపోతే దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను.

నీ పెద్దమ్మ