ఆగిపోయిన రిలీజ్ కోసం పనిచేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. రాత్రుళ్లు ఏదో ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్‌కి ఊరికే పనిచేస్తున్నాడు. దాని కొత్త వెర్షన్ రెండేళ్లుగా ఆగిపోయిందట. వాడికి లెక్కల పేపర్ ఒకటి ఇంకా మిగిలే ఉంది. ఇది మాన్పించి, 2 లక్షలు కట్టి ఏఐ కోర్సులో చేర్చమంటారా? ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది, కోర్సు పేరు మారుతుందంతే. మీ భయం కోర్సు గురించి కాదు. తోటి పిల్లలకు ఆఫర్లు వచ్చి మీవాడు మిగిలిపోతాడేమోనని. క్యాంపస్‌లో రాకపోయినా బయట తెచ్చుకుని నిలదొక్కుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి.

అయితే నాకూ అనుమానాలున్నాయి. "ఓపెన్ సోర్స్ చెయ్యి, కంపెనీలే వెతుక్కుంటూ వస్తాయి" అనే మాట నేను నమ్మను. ఏటా అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్‌కి పనిచేయమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో టీషర్టుల కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో ఈ మార్పు చేర్చుకోండనే అభ్యర్థనలు) కుప్పలుగా వచ్చి పడ్డాయి. మెయింటైనర్లు, అంటే ప్రాజెక్టుల బాగోగులు చూసేవాళ్లు, విసిగిపోతే, ఒప్పుకున్న ప్రాజెక్టులే పాల్గొనేలా నిర్వాహకులు నిబంధన మార్చారు. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) కామా దిద్ది రెజ్యూమెలో 'కంట్రిబ్యూటర్' అని రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీవాడు చేసేదీ అదే అయితే ఇవాళే ఆపించండి.

ఆగిపోయిన రిలీజ్ సంగతి వేరు. అక్కడ సాధారణంగా కొరత కొత్త ఫీచర్లది కాదు, మిగిలిన పని ముగించే మనుషులది. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 3.0 వచ్చింది 2002లో, 3.1 వచ్చేసరికి 2005 అయింది. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్ 2.10 తర్వాత 3.0 కోసం 2018 నుంచి 2025 దాకా ఎదురుచూశారు. డెబియన్ వాళ్లు 'బగ్ స్క్వాషింగ్ పార్టీ' పేరుతో కలిసి కూర్చుని, రిలీజ్‌కి అడ్డుపడుతున్న బగ్గుల (కోడ్‌లోని తప్పుల) మీదే పనిచేస్తారు.

మీవాడు చేయగలిగిందీ అదే. పాత ఫిర్యాదు తెరిచి, ఇప్పటి కోడ్‌లోనూ ఆ తప్పు వస్తోందా చూడాలి. వస్తే, ఇంకొకరు అలాగే చేసి చూడగలిగేలా వరసగా రాయాలి. ఏ మార్పుతో చెడిందో గిట్ బైసెక్ట్‌తో (పాత మార్పుల్ని సగం సగం చేస్తూ వెతికే సాధనంతో) పట్టుకోవాలి. ఎవరో పంపి వదిలేసిన ప్యాచ్‌ని (కోడ్ సవరణని) ఇప్పటి కోడ్‌కి సరిచేసి, టెస్ట్ రాసి, వాళ్ల పేరు తీసేయకుండా మళ్లీ పంపాలి. రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకు ముందు పరీక్షించే వెర్షన్) వస్తే పాత వెర్షన్ మీద అప్‌గ్రేడ్ చేసి చూడాలి. రిలీజ్ నోట్స్, తెలుగు అనువాదం కూడా పనే. వీటన్నిటికీ ముందు, "ఏది అడ్డంగా ఉంది, నేనేది తీసుకోవాలి?" అని మెయింటైనర్‌ని అడగాలి. ఎప్పుడిస్తారని వేధించకూడదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 2024లో బయటపడ్డ బ్యాక్‌డోర్ (రహస్యంగా పెట్టిన దొంగదారి) వెనక ఉన్నది, అలసిపోయిన ఒక మెయింటైనర్‌పై తెచ్చిన ఒత్తిడీ, సాయం పేరుతో లోపలికి దూరిన మనిషీ. అందుకే కొత్తవాళ్లను వెంటనే నమ్మకపోతే మీవాడు నొచ్చుకోకూడదు.

పోలిక అడిగారు కదా. కోర్సులో సర్టిఫికెట్ ఇస్తారు. ఈ ప్రాజెక్టు పనిలో ఇతరుల కోడ్ చదవడం, మొదలుపెట్టింది ముగించడం వస్తాయి. కొత్తగా చేరినవాడికి ఆఫీసులో మొదట పడే పని ఇలాంటిదే. ఆ 2 లక్షలు ఇప్పుడు కట్టకండి.

మీకూ ఒక మాట, కటువుగా ఉన్నా వినండి. ఊరికే చేస్తున్నాడని రాశారు గానీ, ఆ సాఫ్ట్‌వేర్ పేరు రాయలేదు. వాణ్ణి అడిగినట్టు లేరు. ఇన్నేళ్లు ఇంజినీరింగ్ ఫీజు కట్టి, పిల్లవాడు రాత్రంతా ఏం చేస్తున్నాడో తెలుసుకోకుండా ఇంకో ఫీజు కట్టేస్తానంటే ఎలా? పక్కన కూర్చుని ఏ బగ్ చూస్తున్నాడో చెప్పించుకోండి. చెప్పలేకపోతే నాకు రాయండి. బెంగళూరులో ఓపెన్ సోర్స్ వాళ్ల సంస్థ ఫాస్ యునైటెడ్ మీటప్‌లు జరుగుతుంటాయి, అక్కడికి పంపండి. ఇదే పని చేసేవాళ్లు కనిపిస్తారు.

లెక్కల పేపర్ విషయంలో మాత్రం నేను మీ పక్షమే. బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు. అది గట్టెక్కేదాకా ప్రాజెక్టుకు రోజూ గంట చాలు. ఆ సంగతి మెయింటైనర్‌కి ముందే చెప్పి, తను పట్టుకున్న బగ్గుల్ని వేరేవాళ్లకు వదలమనండి.