నెల్లూరులో ఇంటి ప్లాన్ వెనక్కొచ్చిందన్న అన్నకు

అన్నా, 20 అంకణాల్లో ఇంటికి పెట్టిన ప్లాన్‌ను ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం చాలదని, ఇంకుడు గుంత చూపలేదని వెనక్కి పంపారన్నారు. అది కార్పొరేషన్ సొంతంగా పెట్టిన నిబంధన కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2017లో జీవో 119తో తెచ్చిన భవన నిర్మాణ నియమాలు, వాటికి తర్వాత వచ్చిన సవరణలు రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ వర్తిస్తాయి. అందుకే కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు.

ముందు కొలత సరిచూడండి. మన దస్తావేజుల్లో అంకణాలుంటాయి, నియమాల పట్టిక చదరపు మీటర్లలో ఉంటుంది. మన నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి మీది దాదాపు 134 చదరపు మీటర్లు, అంటే 100 నుంచి 200 మధ్య వరుస. ముందు వదలాల్సిన జాగా రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. మాస్టర్ ప్లాన్‌లో మీ వీధికి విస్తరణ ఉంటే, విస్తరించాక రోడ్డు అంచు వచ్చే గీత నుంచే కొలవాలి. చాలామంది ప్లాన్లు ఆగేది ఇక్కడే.

ఇంకుడు గుంతను మాత్రం మొక్కుబడిగా గీయించొద్దు. డాబా నీళ్ల పైపు అందులోకి దిగేట్టు, సెప్టిక్ ట్యాంకుకూ పునాదికీ దూరంగా, పొడవు, వెడల్పు, లోతు రాసి చూపించండి. వేసవిలో బోరు ఎండిపోయే వీధుల్లో మనకు మిగిలేది ఆ నీళ్లే. సవరించిన డ్రాయింగును మీ ఎల్‌టీపీ (ప్లాన్లు గీసి పెట్టే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు) చేతనే ఆన్‌లైన్‌లో మళ్లీ పెట్టించండి. అనుమతి వచ్చేదాకా పునాది తవ్వొద్దన్నా.